నిండితేనే కదిలే బస్సు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మమ్మ, నెలిమా అత్తయ్య, అత్తయ్య చెల్లెళ్ళిద్దరు, పంచదార అప్పు అడగడానికి వచ్చి చాయ్ దగ్గరే ఆగిపోయిన పక్కింటి సితాతి తాత, తలుపు వెనక బిడియంగా నక్కిన చిన్న మనవరాలు నమాల్వా.

లుస్వేటి మామయ్య సుడిగాలిలా లోపలికొచ్చాడు.

"అందరూ లేవండి! మంచి బట్టలేసుకోండి. తలా ఒక సంచీ పట్టుకోండి."

"ఎక్కడికిరా?" అంది అమ్మమ్మ.

"ఎక్కడికీ కాదమ్మా. బస్సులో కూర్చోవాలి, అంతే."

సంగతి అందరికీ అర్థమైంది. కిటాలె ఊరి బస్టాండులో బండి నిండితేనే కదులుతుంది. ఖాళీ బండి ఎవరూ ఎక్కరు. ఇంకో ఇద్దరెక్కితే బయల్దేరేలా కనిపించే బండిలోకే దూరతారు. అందుకని ముందు కొందరు ప్రయాణికుల్లా కూర్చుంటారు. అసలువాళ్ళు వచ్చేకొద్దీ ఏదో మరిచిపోయినట్టు ఒక్కొక్కరే దిగిపోతారు. మామయ్య తన రెండు చిన్న వ్యాన్లూ అమ్మి కొన్న ముప్ఫై మూడు సీట్ల బస్సుకి ఇవాళే మొదటి ట్రిప్పు, ఎల్డొరెట్ ఊరికి.

"రెండు వ్యాన్లంటే ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు కండక్టర్లు, రెండు ఇంజన్లకు డీజిలు. ఇప్పుడు అన్నీ ఒక్కోటే! ఏదైనా పెద్ద ఎత్తున చేస్తేనే చవక" అన్నాడు మామయ్య. ఈ మాట నెల రోజులుగా అంటూనే ఉన్నాడు.

"పెద్ద కుండలో మొక్కజొన్నపిండి ఉగాలి వండితే కట్టెలు కలిసొస్తాయి, సరే. తినే నోళ్ళేవిరా?" అంది అమ్మమ్మ, తలగుడ్డ కట్టుకుంటూ.

"మామయ్యా..." అంది నమాల్వా.

"గట్టిగా చెప్పవే. గోడ మీద బల్లి నీకన్నా నయం" అంది అత్తయ్య.

"ఎల్డొరెట్‌లో... అక్క పరుగు పందెం... ఇవాళే..."

మామయ్య నెత్తి గోక్కున్నాడు. "తెలుసు తల్లీ. సాయంత్రం ఆ పందెం పిల్లల్ని వెనక్కి తెచ్చేది మన బస్సే. అందుకే నిండినా నిండకపోయినా తొమ్మిదింటికి బయల్దేరాలి. ఖాళీ సీటు మిగిలిందా, నీదే. మిగల్లేదనుకో, ఏడవకూడదు."

స్టాండులో నమాల్వా అందరితో పాటు బస్సెక్కి తలుపు పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు నిండినట్టు కనిపించాలి, నిండకూడదు. రెండిటికీ కలిపి దేవుడికి ఒకే దండం పెట్టింది.

కండక్టర్ మకోఖా స్టాండు అవతలి గేటు దగ్గరికెళ్ళి "ఎల్డొరెట్! ఎల్డొరెట్!" అని కేకలేస్తున్నాడు. కాసేపటికి జనం రావడం మొదలైంది. సూటుకేసు చిటికెన వేలితో ఎత్తి పెట్టాడు ఒకాయన. ఒకావిడ ఎక్కుతూనే ఊలు తీసి అల్లడం మొదలెట్టింది. తర్వాత నలుగురు, ఆ తర్వాత ఏకంగా పదిమంది, వాళ్ళ వెనకే ఇంకా ఇంకా. ఒక్కరైనా చార్జీ ఎంతని అడగలేదు. అది నమాల్వాకి చిత్రంగా తోచింది కానీ, పైకి అనడానికి నోరు రాలేదు.

"అయ్యో, పొయ్యి మీద బీన్స్ పెట్టి వచ్చాను!" అంటూ అత్తయ్య దిగింది. చెల్లెళ్ళు ఆమె వెనకే దిగారు. సితాతి తాతకి మాత్రం మెత్తటి సీటు వదలబుద్ధి కాలేదు. తనూ దిగుతూ అమ్మమ్మ చేతికర్రతో పొడిస్తే లేచాడు.

అంతలో మూటలతో, పిల్లలతో ఒక పెద్ద కుటుంబం వచ్చింది. "ఎల్డొరెట్‌కేనా బాబూ?"

"ఖాళీ లేదమ్మా. వెనక వ్యాన్లు చూసుకోండి" అన్నాడు మామయ్య, ఛాతీ విరుచుకుని. అమ్మమ్మ వైపు తిరిగి, "చూశావా నోళ్ళు?" అన్నాడు.

ఇక మిగిలింది నమాల్వా సీటొక్కటే. గొడుగు పట్టుకుని ఒక లావుపాటాయన వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

మామయ్య గొంతు తగ్గింది. "దిగమ్మా. వచ్చే పందేనికి తప్పకుండా."

ఏడవకూడదన్నాడు కాబట్టి ఆమె ఏడవలేదు. దిగి, తన కిటికీ కింద నిలబడింది. మామయ్య ఇంజను స్టార్ట్ చేశాడు. అప్పుడే మకోఖా చార్జీల సంచీ ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చి, లోపలికి తొంగి చూసి, మెట్టు మీదే ఆగిపోయాడు.

"అన్నా, మరి ప్రయాణికులేరి?"

"ఏరేంటి? కళ్ళు కనిపించడం లేదా?"

"వీళ్ళా? వీళ్ళు మనం కూర్చోబెట్టిన వాళ్ళు కదన్నా! నేనే కూలికి మాట్లాడాను."

"బస్సు నిండానా?"

"నువ్వే కదా ఏదైనా పెద్ద ఎత్తున చెయ్యమన్నావు? టోకున మాట్లాడితే తలకి సగానికే వచ్చారు!"

అల్లుతున్నావిడ తలెత్తింది. "మమ్మల్ని ఎల్డొరెట్ తీసుకెళ్ళిపోతారా ఏంటి? మధ్యాహ్నం ఇంకో బస్సులో కూర్చోవాలి బాబూ, దింపండి!"

గొడుగాయనతో సహా అందరూ బిలబిలా దిగిపోయారు. ఇందాకటి పెద్ద కుటుంబం, కిటికీల్లోంచి మూటలు బయటికి పొడుచుకొస్తుండగా, చిన్న వ్యానులో గేటు దాటిపోతోంది. స్టాండు గడియారం తొమ్మిది చూపిస్తోంది. అమ్మమ్మ నవ్వు ఆపుకోలేక తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది.

"మామయ్యా!"

అంత గట్టి గొంతు ఎవరిదా అని అత్తయ్య చుట్టూ చూసింది.

"సీటు మిగిలింది, మామయ్యా!"

మామయ్య ఖాళీ బస్సుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. నమాల్వాని చూశాడు. దిగొచ్చి, ఆమెని రెండు చేతులా ఎత్తి మెట్టు మీద నిలబెట్టాడు.

"ముప్ఫై మూడు మిగిలాయి తల్లీ, ఏది కావాలో ఏరుకో" అని తలుపు వేశాడు.