గారెల తర్వాత అరిసెలు

గిన్నె మీద మూత తీయగానే నెయ్యి వాసన గుప్పుమంది. లోపల నాలుగు బొబ్బట్లు, ఇంకా వేడి కూడా తగ్గలేదు.

"దసరా పండుగ నిన్ననే అయిపాయె గద పెద్దమ్మా, ఇయ్యెందుకు?" అంది నవనీత.

"మా ఇంట్ల బోర్లపడ్డది బిడ్డా," అంది ఎదురింటి కొమురమ్మ. ముసలామె ముఖం వెలిగిపోతోంది. "ఇన్ని దినాలు గోడదిక్కు తిరిగి పండుకునుడే. పొద్దుగాల సూస్తే ఇటు తిరిగి నన్నే సూస్తున్నది. నోరు తీపి చేసుకో."

నవనీత, మధు నేరేడుచర్లలో కాపురం పెట్టి ఇంకా నెల కాలేదు. మధుకు ఊరి చివర రైస్ మిల్లులో పని. నవనీతకు ఆరో నెల. ఊరు కొత్తదైనా, పిల్లలు బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు పంచుతారని ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కొమురమ్మ కోడలు గోపికకు ఎండాకాలంలో మిర్యాలగూడ దవాఖానలో కాన్పయిందని ఇరుగుపొరుగు అనుకుంటుంటే వింది. ఆడపిల్లా, మగపిల్లాడా అని అడిగితే మాత్రం అందరూ ఆమె పొట్ట వైపు ఓసారి చూసి, "నీకిప్పుడు ఆ ముచ్చట్లెందుకమ్మా" అంటూ మాట మార్చేసేవారు. ఆడపిల్లేనని నవనీతే తేల్చేసుకుంది.

ఆమెకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. తోడబుట్టినవాళ్లు లేరు. పసిపిల్లను ఇంతవరకు చేతుల్లోకి తీసుకుని ఎరగదు. మెడ ఎలా పట్టుకోవాలో, ఏడిస్తే ఏం చేయాలో తలుచుకుంటేనే అరచేతులకు చెమటలు పట్టేవి. తన కాన్పులోగా ఎదురింటి పాపను ఒక్కసారి ఒళ్లో వేసుకుంటే చాలు, ఆ భయం తీరిపోతుందని ఆమె నమ్మకం. మందు ఎదురింట్లోనే ఉంది గానీ దానికి కాపలా కొమురమ్మ.

మధ్యాహ్నాలు మిల్లు నుంచి ఉడికిన వడ్ల వాసన తేలివస్తుంటే, నవనీత మంచం మీద వాలి కళ్లు మూసుకునేది. కళ్లు మూసీ మూయగానే ఎదురింటి పాప తన పాప చేయి పట్టుకుని అరుగు దిగేది. ఇద్దరూ పలక కోసం కొట్టుకునేవారు. పళ్లూడగొట్టుకునేవారు. అంతలోనే రెండు జడలు వేసుకుని, షేర్ ఆటోలో ఇరుక్కుని మిర్యాలగూడ కాలేజీకి పోయేవారు. కల అక్కడైనా ఆగేదా అంటే, ఆగేది కాదు. పెళ్లిళ్లయి, పిల్లలు ఎదిగి, మోకాళ్ల నొప్పులు పట్టుకుని, నెరిసిన తలలతో ఇద్దరూ అదే అరుగు మీద చేరి కోడళ్ల మీద చాడీలు చెప్పుకునేవారు.

నవనీత నవ్వుకుంటూ నిద్రలోకి జారేది. సగం నిద్రలో ఎదురింటి నుంచి కొమురమ్మ గొంతు వినిపించేది, "మా అమ్మవు గద, ఒక్క ముద్ద, ఒక్కటంటే ఒక్కటే" అని బతిమాలుతూ. పాప ఏడుపు మాత్రం ఏనాడూ వినపడలేదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకునేది నవనీత.

దీపావళి ఇంకా రానేలేదు, గారెలు వచ్చేశాయి.

"గడప దాటింది," అంది కొమురమ్మ, పట్టలేని సంబరంతో. "అరుగు దాక వచ్చింది. ఎండ మీద వడంగనే మల్ల లోపల్కి పోయిందనుకో."

"జర నేనొచ్చి సూస్త పెద్దమ్మా. ఒక్కసారి."

కొమురమ్మ నవ్వు ఆగిపోయింది. "వద్దు బిడ్డా. నీ కాన్పయ్యేదాక మా గడప తొక్కకు."

నవనీతకు చివుక్కుమంది. తన దిష్టి తగులుతుందని కాబోలు ముసలామె భయం. మధు మిల్లు నుంచి రాగానే చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. అతను తాపీగా గారె కొరికాడు.

"మొన్న బోర్లపడి ఇయ్యాల గడప దాటిందా? గిట్లయితే కార్తీకం పోయేలోపు డిగ్రీ గూడ అయిపోతది."

నవ్వు వచ్చింది గానీ నవనీతకు మనసులో ముల్లు పోలేదు. అయినా చేతులు ఊరుకుంటాయా? పెళ్లినాటి పట్టు జాకెట్టు కుట్లు విప్పి, ఎదురింటి పాప కోసం చిన్న గౌను కుట్టడం మొదలుపెట్టింది.

కార్తీకంలో ఒక ఉదయం వీధంతా మంచు కమ్మేసింది. ఆ మంచులోంచే బెల్లం పాకం వాసన వచ్చి నవనీతను నిద్రలేపింది. కాసేపటికి కొమురమ్మ పిలుపు వినిపించింది.

"నవనీతా, బయటికి రా బిడ్డా. అరిసెలు చేసిన. ఇయ్యాల నీ వాకిట్లకే వస్తున్నది, నేను ఆపినా ఆగుతలేదు."

నవనీత గౌను అందుకుని గబగబా బయటికొచ్చింది. మంచులో కొమురమ్మ వీపు ఒక్కటే కనిపిస్తోంది. రెండు చేతులూ ముందుకు చాచి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ తన వాకిలి వైపే వస్తోంది.

"దా, మెల్లగ దా. ఇంకొక్క అడుగు. పడవు, నేనున్న గద."

అంత ప్రేమగా పిలిస్తే ఎవరు మాత్రం నడవరు! ఆ గొంతు వింటుంటే నవనీత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్ల భయం ఏమైపోయిందో తెలియలేదు. పిల్లలను పెంచడమంటే ఇంతేనేమో, పడబోయేవాళ్లకు చేతులు చాచడమే అనిపించింది. పొట్ట పట్టుకుని మెల్లగా కింది మెట్టు మీద కూర్చుంది, పాప ఎత్తుకు సరిపోయేలా. గౌను ఒళ్లో పరుచుకుని తనూ రెండు చేతులు చాచింది.

కొమురమ్మ పక్కకు జరిగింది.

ఆమె వేళ్లు పట్టుకుని నిలబడి ఉంది, కాన్పు నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన గోపిక.