కాలి మీద గుంట

చినాందేగ ప్రాంతపు చెరుకు తోటల్లో కోతకు తీసుకునే ముందు రక్తం పరీక్ష చేస్తారు. కిడ్నీలు చెడినవాడికి పని ఇవ్వరు. అందుకే, కాళ్లకు నీరు పట్టిన ఎవెలియో తన గుర్తింపు కార్డు ఇచ్చి, అచ్చం తనలాగే ఉండే తమ్ముడు యాదెర్‌ను రక్తం ఇవ్వడానికి పంపాడు.

ఫలితం తెలుసుకోవడానికీ తమ్ముడే వెళ్లాడు. ఎవెలియో చక్కెర మిల్లు గోడ నీడలో కూర్చుని ప్యాంటు పైకి లాగాడు. కాలి చర్మం బిగుసుకుపోయి నున్నగా మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

యాదెర్ తిరిగొచ్చాడు. "పని లేదంట అన్నా. నీ కిడ్నీలు చెడిపోయాయంట."

"మొహం చూసి పట్టేసుంటారు. ఒక్క పనైనా సరిగ్గా ఏడిశావా ఎప్పుడైనా?"

"ఎవరూ పట్టలేదు. నర్సు నన్ను ఎవెలియో గారూ అనే పిలిచింది. కార్డు నీదే కదా, రోగమూ నీదే తేలింది. నీళ్లు బాగా తాగాలంట." యాదెర్ నవ్వాడు. "సాలు మధ్యలో నీళ్లకని ఆగితే, నువ్వు మొగాడివేనా అని తిట్టి తిట్టి నాకు పని నేర్పావు. ఇప్పుడు నువ్వే ఇంట్లో కూచుని తాగు. నా కార్డుతో రక్తమిచ్చి కోతకి నేనొక్కణ్ణే పోతాలే."

ఎవెలియో మళ్లీ తిట్టబోయాడు. అంతలో తట్టింది: వాళ్లు పరీక్ష చేసింది తన రక్తం కాదు.

"ఇట్రా, కూచో," అంటూ తమ్ముడి ప్యాంటు పైకి లాగి, మోకాలి కింద బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

"చక్కిలిగింతలు పెట్టకన్నా," అన్నాడు యాదెర్.

ఎవెలియో వేలు తీశాడు. గుంట పూడలేదు.