డ్రైవరు సీటులోంచి

"ఇప్పుడైనా కనపడుతుందా, అన్నా?"

మొగుడి బైకుకు హెడ్‌లైటు పక్కనే రెండు కొత్త లైట్లు పెట్టించి, సెల్వి బస్సు డ్రైవరు గోవిందను అడిగింది. రెండు నెలల కిందట సేత్తూరు రోడ్డులో ఆమె మొగుడి కాలు విరగ్గొట్టింది ఆయన బస్సే.

"నా సీటులో కూర్చోని నువ్వే చూడమ్మా."

సెల్వి బస్సెక్కి డ్రైవరు సీటులో కూర్చుంది. పొద్దు గూకుతోంది. లైట్లు బిగించిన మెకానిక్ బైకును దూరంగా తీసుకెళ్లి బస్సు వైపు తిప్పాడు. మూడు లైట్లూ ఒకే చుక్కలా కలిసిపోయాయి. అది దూరంగా ఉందో, దగ్గరికొస్తోందో సెల్వికి తెలియలేదు.

"కనపడలేదని నువ్వు స్టేషన్లో చెప్తే అబద్ధమనుకుంటినన్నా."

గోవింద కళ్లు నులుముకున్నాడు. "కనపడిందమ్మా. దూరంలో ఉండాదనుకుంటి. ఆ మాట ఎవురు నమ్ముతారు?"

సెల్వి మళ్లీ ఆ చుక్క వైపు చూసింది. తర్వాత కిటికీలోంచి మెకానిక్‌కు కేకేసింది.

"ఆ రెండు లైట్లూ విడదీసి, కింద ఆ పక్కొకటి ఈ పక్కొకటి పెట్టన్నా!"