గురువారం మైళ్లు

హాస్పిటల్‌కి పోను తొమ్మిది, రాను తొమ్మిది. మొత్తం పద్దెనిమిది మైళ్లు. గురువారం మాత్రం నవోమి కారు ముప్పై తిరిగేది.

ఆమె భర్త సుందర్ రాజ్ ఇంజనీరు. అనుమానానికి కూడా ఒక పద్ధతి పెట్టుకున్న మనిషి. సాయంత్రం భార్య ఇంట్లోకి రాగానే, చెత్త పడేసే వంకతో గరాజ్‌లోకి వెళ్లి కారు మీటర్ చూసి వచ్చేవాడు. అమెరికాలో వాళ్లుండే పిస్కాటవే ఊరు మొత్తానికి ఇంత శ్రద్ధగా చెత్త పడేసే మగవాడు లేడని పక్కింటావిడ తన మొగుణ్ని దెప్పేది.

నవోమి నర్సు. నెమ్మదస్తురాలు. ఎడమ చేతి చిటికెన వేలు కాస్త పక్కకి వంగి ఉంటుంది. కారు తలుపులో పడి నలిగిందని తెలుగు చర్చిలో అడిగిన వాళ్లందరికీ సుందర్ రాజే చెప్పేవాడు, ఆవిడకి శ్రమ లేకుండా.

ఆ గురువారాల సంగతి అడిగితే "ఓవర్‌టైమ్ అండీ" అనేది. మరి బూట్ల అంచున ఆ తెల్లటి పొడి ఏమిటి? మూడు నెలలు అలా సాగి, అదంతా దానంతటదే ఆగిపోయింది. సుందర్ రాజ్ అనుమానం మాత్రం ఆగలేదు.

ఏడాది తర్వాత, ఎనభై మూడు అక్టోబరులో, ఆమె పాత రెయిన్‌కోటు జేబులో చీటీ దొరికింది. మగవాడి చేతిరాత. "గురువారం, నాలుగింటికి." కింద అడ్రసు. ఒళ్లు మండిపోయింది. వాకబు చేస్తే అది పక్క ఊళ్లో శిల్పి హాల్‌స్టెడ్ ఇల్లని తేలింది. ఆ ఊరి విగ్రహాలన్నీ ఆయన చేసినవే. శనివారాలు ఎవరైనా వెళ్లి చూడొచ్చట.

"శిల్పి ఇల్లు విజిట్ చేసొద్దాం పద," అన్నాడు శనివారం పొద్దున, భార్య మొహంలోకే చూస్తూ.

"తలనొప్పిగా ఉందండీ."

"కార్‌లో తగ్గిపోద్దిలే."

దారిలో విగ్రహాల దగ్గరల్లా కారు ఆపాడు. గుర్రం మీద జనరల్. పాత మేయరు. ఆఖరికి లైబ్రరీ ముందు, పోయిన నెలే నిలబెట్టిన కంచు నర్సు. వంగి ఎవరికో కట్టు కడుతోంది. సుందర్ రాజ్ నర్సుని చూడలేదు, పెళ్లాన్నే చూశాడు. నవోమి తల తిప్పేసుకుంది. ఇక దొరికిపోయిందనుకున్నాడు.

శిల్పి ఇంటి వెనక పెద్ద షెడ్డు, అదే స్టూడియో. కర్ర పోటేసుకుంటూ ఎనభై ఏళ్ల ముసలాయన తలుపు తీశాడు. "నవోమీ!" అంటూ ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు.

సుందర్ రాజ్ చెవులు ఎర్రబడ్డాయి. "మా ఆవిడ మీకెలా తెలుసు?" అన్నాడు ఇంగ్లీషులో.

"తెలియకపోవడమేమిటి? మూడు నెలలు ఇక్కడే కూర్చుంది," అన్నాడు హాల్‌స్టెడ్. "హాస్పిటల్‌లో నా కాలికి కట్టు కట్టింది. అప్పుడే అనుకున్నాను, నా నర్సు బొమ్మకి ఈ చేతులే కావాలని. మొహం మా అమ్మాయిది. చేతులు ఈమెవి."

గోడ బల్ల మీద ప్లాస్టర్ చేతులు వరసగా ఉన్నాయి. నేలంతా తెల్లటి పొడి.

సుందర్ రాజ్‌కి గుండెల మీంచి బండ దిగినట్టయింది. పెద్దగా నవ్వేశాడు. ఆ మైళ్లు, ఆ పొడి, ఆ చీటీ, అన్నీ ఇందుకా! భార్య మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"ముందే చెప్పొచ్చు కదే. నేనేమన్నా అనేవాణ్నా?"

నవోమి ఆ గోడ బల్ల దగ్గరికి నడిచింది.

"ఒక్కదానికే మొండికేసింది," అన్నాడు ముసలాయన. "ఆ చిటికెన వేలు తిన్నగా చేస్తానంటే ఒప్పుకోలేదు."

"ఎందుకని? తిన్నగా ఉంటే బాగుండేదిగా," అన్నాడు సుందర్ రాజ్ భార్యతో, ఇంకా నవ్వుతూనే.

"ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నానండీ." ఆ రోజు మొదటిసారి నవోమి అతని కళ్లలోకి చూసింది.

సుందర్ రాజ్ అప్పుడు గానీ ఆ ప్లాస్టర్ చేతుల్ని సరిగ్గా చూడలేదు. నవ్వు ఆగిపోయింది.

లైబ్రరీ ముందు, వచ్చేపోయే ఊరంతా చూసేలా, ఆ వేలు తాను మెలిపెట్టి విరిచిన చోటే కంచులో వంగి ఉంది.