మూడు నిమిషాల దొంగ

పాట మళ్ళీ ఆగిపోయింది.

నున్నగా అరగదీస్తున్న కట్టుడుపళ్ళ సెట్టు చేతిలోంచి జారి బల్లమీద పడింది. పళ్ళాయన పళ్ళు పటపటా కొరికాడు. చుట్టుపక్కల దంతవైద్యులకి కట్టుడుపళ్ళు చేసిచ్చేది అతనే కాబట్టి అందరికీ అతను పళ్ళాయనే. ఇంటి ముందుగదే అతని పనిగది. పాట వినపడకపోతే చెయ్యి నిలవదు.

ఫోన్ తెరమీద అదే ముక్క. ‘మీ ఖాతాలో మరోచోట పాట మొదలైంది.’

“ఎవరది?” అని కేకేశాడు.

“నేను కాదు” వంటింట్లోంచి భార్య.

“నేనూ కాదు నాన్నా” మేడమీంచి కూతురు.

“నేను నిద్రపోతున్నాను బావా” హాల్లోంచి బామ్మర్ది. నిద్రలో జవాబు చెప్పడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

వారంగా ఇదే వరస. పాటల యాప్‌లో ఇంటిల్లిపాదికీ ఒకటే ఖాతా. ఒకచోట మొదలుపెడితే రెండోచోట ఆగిపోతుంది. దొంగ కూడా మామూలు దొంగ కాదు. మూడు నిమిషాలు పాడనిచ్చి, చివరి చరణం ఎత్తుకునేసరికి పీక నొక్కేస్తాడు.

“మీ అమ్మాయే, అనుమానం లేదు” అంది భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి. “అచ్చం నానమ్మ పోలిక. ట్రంకాల్ మూడు నిమిషాలు దాటితే ఎంతటివాడినైనా కట్ చేసేవారుగా అత్తయ్య? ఆ వేలే దీనికొచ్చింది.”

ఆ మాటకి అతని చూపు గోడవైపు మళ్ళింది. గోడకవతలి గదిలో అమ్మ ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిని ఒంటిచేత్తో నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. మాట పోయింది. తెలివి మాత్రం నిక్షేపంలా ఉంది. రోజూ పొద్దున్నే కుడిచెయ్యి పట్టుకుని “ఒక్కసారి కదుపమ్మా” అంటాడు. అది కదలదు. రేపు ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుంది. వేలి కొసైనా కదలకపోతే ఇక తను రావడం దండగని పోయినసారే చెప్పి వెళ్ళింది.

“రేపటికి కదులుతుందంటావా?” అన్నాడు మెల్లిగా.

“ఒకరు చెయ్యమంటే చేసే మనిషా ఆవిడ?” అని నవ్వబోయి కొంగుతో మొహం తుడుచుకుంది భార్య.

బామ్మర్ది లుంగీ బిగించుకుంటూ వచ్చాడు. “పాస్‌వర్డ్ మార్చెయ్ బావా, పీడా పోతుంది.”

“పీడ పోతుంది, దొంగ మిగిలిపోతాడు. నాకు దొంగ కావాలి.”

అప్పుడు తట్టింది ఉపాయం. కుటుంబమంతటికీ కలిపి తీసుకునే ప్లాను ఒకటుంది. అందులో ఎవరి ఖాతా వాళ్ళదే. ఒక్కొక్కళ్ళనీ చేర్చుకుంటూ పోవాలి. ఎవరు చేరాక పాట ఆగడం మానేస్తుందో, దొంగ వాళ్ళే.

మొదటి ఆహ్వానం భార్యకి వెళ్ళింది. ఆమె ఫోన్ చూసి కళ్ళెగరేసింది. “మీ కుటుంబంలో చేరతావా అని ఇప్పుడడుగుతున్నారా? పిల్ల ఇంత పెద్దదయ్యాక?”

“నొక్కవే. వేలితో నొక్కితేనే చేరినట్టు.”

నొక్కింది. పాట పెట్టాడు. మూడు నిమిషాలకి ఆగింది.

“చూశారా” అంది ఆమె, గెలిచినదానిలా.

రెండోది, మేడ దిగొచ్చిన కూతురికి. “నా దగ్గర ఫోన్ తప్ప ఏముంది నాన్నా? పాత ట్యాబ్‌లో నానమ్మ సిమ్ము వేసి ఆవిడ కుడిచేతికింద పెట్టేశా. చేతికి ఏదో ఒకటి తగులుతూ ఉండాలని ఫిజియో అక్క చెప్పిందిగా. నా ఇయర్‌ఫోన్లు కూడా దానికే వదిలేశా, తెచ్చుకోవాలి” అంటూ నొక్కింది. పాట మళ్ళీ ఆగింది.

“ఇక మిగిలింది నువ్వే” అన్నాడు బామ్మర్దితో.

బామ్మర్ది కళ్ళొత్తుకున్నాడు. “ఇన్నాళ్ళకి నన్ను మీ కుటుంబంలో మనిషిగా లెక్కేశావు బావా.” నొక్కాడు.

పాట మొదలైంది. పళ్ళాయన మీసం మెలేశాడు. మూడు నిమిషాలు గడిచాయి. ఠక్కున ఆగింది.

మీసం మీది చెయ్యి కిందికి దిగింది. “అందరూ ఇక్కడే కూర్చోండి. చేతులు బల్లమీద పెట్టండి. ఫోన్లు నా ముందుండాలి.”

నలుగురూ కట్టుడుపళ్ళ చుట్టూ పేకాటకి కూర్చున్నట్టు కూర్చున్నారు.

“ప్లానులో ఇంకా ఖాళీ ఉందా?” అంది భార్య ఉన్నట్టుండి.

“ఉంది.”

“అత్తయ్యని పిలవండి.”

“నొక్కాలి కదే” అన్నాడు గోడవైపు చూస్తూ.

“నొక్కకపోతే మానె. ఇంటి పెద్దని పిలవకుండా మనం నలుగురం కుటుంబం అయిపోతామా?”

అతను అమ్మ నంబరుకి ఆహ్వానం పంపాడు. ఆపైన పాట పెట్టాడు. గోడలు మారుమోగేలా పెట్టాడు.

పల్లవి అయింది. మొదటి చరణం అయింది. ఎనిమిది చేతులూ బల్లమీదే ఉన్నాయి.

పాట ఆగిపోయింది.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మనం నలుగురం ఇక్కడే ఉన్నాం” అన్నాడు బామ్మర్ది. “మరి ఆపిందెవరు బావా?”

టింగుమంది ఫోన్. పళ్ళాయన వంగి చదివాడు. మరోసారి చదివాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. వీధి చివరిదాకా వినిపించేలా ఒక్క నవ్వు నవ్వి పక్కగదిలోకి పరుగెత్తాడు. ఏం జరిగిందో తెలియకపోయినా మిగతా ముగ్గురూ అతని వెనకాలే పరుగెత్తారు.

బల్లమీద, కట్టుడుపళ్ళ పక్కన, ఫోన్ తెర ఇంకా వెలుగుతూనే ఉంది.

‘అమ్మ మీ కుటుంబంలో చేరారు.’