ఒకే టికెట్ మీద రెండు పేర్లు

"ఆ కిటికీ మూసెయ్యండమ్మా, మీకు దణ్ణం పెడతాను!" అంటూ వకేషో సెక్రటరీ సగాలా పరిగెత్తుకొచ్చాడు.

"ఊపిరాడక తీశానయ్యా. అదీ నేరమేనా?"

"ఒకసారి టీవీ చూడండి."

టీవీలో వకేషో ఇంటి కిటికీయే కనిపిస్తోంది. దాన్ని తెరుస్తున్న ఆవిడ చెయ్యి కూడా. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి: 'మొమాన్యితో కలవడానికి వకేషో సై! కార్యకర్తలకు చెయ్యూపి సంకేతం!'

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. నిన్న పసుపు గౌను వేసుకుంటే మొమాన్యి పార్టీ రంగన్నారు. మొన్న దగ్గితే పొత్తు మాట ఎత్తగానే గొంతు పూడుకుపోయిందన్నారు. నైరోబీలో టీ కొట్ల దగ్గరా, మటాటూ మినీబస్సుల్లోనూ ఇదే గోల. ఏడాదిగా ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకున్న ఈ రెండు పార్టీల నాయకులూ ఒకే టికెట్ మీద నిలబడతారా? ఆయన అధ్యక్షుడిగా, ఈవిడ ఉపాధ్యక్షురాలిగా? ఎన్నికల సంఘానికి పేర్లు ఇవ్వడానికి రేపే ఆఖరు. గేటు ముందు ఆవిడ కార్యకర్తలు ఒప్పుకోమంటూ అడ్డంగా పడుకున్నారు.

"నేను ఊరెళ్లాలి సగాలా. కారు తియ్యమను."

"కారు కదిలితే మొమాన్యి ఇంటికే వెళ్తున్నారంటారు. వెనకాలే యాభై కెమెరాలొస్తాయి. వుండాన్యి దాకా తీసుకెళ్తారా వాళ్లని?"

వుండాన్యి కొండ మీది ఇంట్లో వకేషో భర్త ఎలియూద్ ఉన్నాడు. ఆయనకి మతిమరుపు జబ్బు. ఆ సంగతి డాక్టరుకీ, సగాలాకీ, ఇద్దరు నర్సులకీ తప్ప ఎవరికీ తెలియదు. ముప్ఫై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి, ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడం మర్చిపోతున్నాడు. కెమెరాల ముందు ఆయన్ని నిలబెట్టడం ఆవిడ వల్ల కాదు.

ఫోన్ చేసింది.

"ఎప్పుడొస్తున్నావు?" అన్నాడు ఎలియూద్. గొంతు మాత్రం ఇంకా గుర్తుపడుతున్నాడు.

"రేపొచ్చేస్తాను. ఏం తిన్నారు?"

"ఏదో పెట్టారు. ఇక్కడ టీవీలో పొద్దుట్నుంచీ ఒకావిడ్ని చూపిస్తున్నారు. పాపం, ఏదో గదిలో ఇరుక్కుపోయినట్టుంది. ఎవరావిడ?"

వకేషో గోడకి ఆనుకుంది. "తెలీదండీ."

"నువ్వు త్వరగా వచ్చెయ్. ఆవిడకి మల్లే ఎక్కడా ఇరుక్కోకు."

ఫోన్ పెట్టేసింది. డాక్టరు చెప్పిన మాట చెవిలోనే ఉంది. ఏడాది తిరక్కుండానే ఈ గొంతు కూడా ఆయన మర్చిపోతాడు. ప్రచారానికి అయిదు నెలలు, గెలిస్తే అయిదేళ్లు. ఆ లెక్కలో ఎలియూద్ ఎక్కడా లేడు.

"ఉన్న మాట చెప్పేస్తేనో?" అన్నాడు సగాలా మెల్లగా. "మా ఆయనకి బాగాలేదు, ఇంటికి పోతున్నానని."

"చెప్తే ఏమంటారో తెలీదూ? ఆడది ఎంత ఎగిరినా చివరికి వంటింటికే అంటారు. రేపు మన పార్టీలో ఏ అమ్మాయి నిలబడినా నా పేరు చెప్పి ఎగతాళి చేస్తారు. ఆయన్నీ బజారుకీడుస్తారు. వద్దు." ఆవిడ కిటికీ మూసేసింది. "పొగరు చూపిస్తే రాజకీయాల్లో ఎవరూ తప్పు పట్టరు. గేటు దగ్గరికెళ్లి చెప్పు. వకేషో ఎవరి కిందా పని చెయ్యదని. మొమాన్యి కింద అసలే చెయ్యదని."

"అంత మాటా?"

"అంతకంటే పెద్ద మాట నీకు తోస్తే అది కూడా చెప్పు. వాడికి ముక్కు మీద కోపం. నన్ను గుడ్లు పెట్టని ముసలి కోడి అన్నాడు సభలో, గుర్తులేదూ? సాయంత్రంలోగా ఇంకెవరి పేరో ప్రకటించేస్తాడు. మనకి పీడా విరగడవుతుంది."

సగాలా వెళ్లి చెప్పొచ్చాడు. గేటు దగ్గర జనం కేకలు వేశారు. టీవీ వాళ్లకి పండగైంది: 'మొమాన్యికి వకేషో చెంపదెబ్బ!'

వకేషో సంచిలో నాలుగు బట్టలు కుక్కింది. మండాజీ బూరె ఒకటి తీసుకుని టీలో ముంచుకు తింది. రెండ్రోజుల తర్వాత గొంతు దిగిన మొదటి ముద్ద అది.

మధ్యాహ్నం గేటు బయట హారన్లు మోగాయి. కాసేపు ఏదో మైకులో మాట వినబడింది. ఆ తర్వాత ఒక్కసారిగా అరుపులు, ఈలలు, పాటలు. సగాలా బయటికి పరిగెత్తాడు. అతను తిరిగొచ్చేలోపే మొమాన్యి గుమ్మంలో ఉన్నాడు. భారీ మనిషి, చెమటతో చొక్కా తడిసిపోయింది.

"మీ మాట విన్నానక్కా" అన్నాడు.

"వెనక్కి తీసుకోను."

"తీసుకోమనడానికి రాలేదు. విడివిడిగా నిలబడితే ఇద్దరం ఓడిపోతాం. రాత్రంతా లెక్కలు వేశాం. ఎలా వేసినా అంతే."

"అయితే ఇంకో జోడీ వెతుక్కో నాయనా. నాతో కుదర్దని బయట చెప్పెయ్. తిట్టాలనుంటే తిట్టు కూడా. నేనేమీ అనుకోను." ఆవిడ సంచి అందుకుంది.

మొమాన్యి దారికి అడ్డంగా అక్కడే నిలబడ్డాడు. చిన్నగా నవ్వాడు. ఆ మొహంలో కోపం జాడ కూడా లేదు.

"బయట వాళ్లకి ఏం చెప్పావు?" అంది వకేషో.

"మీకు ఉపాధ్యక్షుడిగా నేనుంటానని!"