కంచంలో సగం

"గా నడుము జూడు, కుర్చీల పడుతలేవు," అన్నాడు శేఖర్ భార్య రోజారాణితో. శామీర్‌పేట చెరువు కట్ట మీద నడిచొచ్చి, చెమట చొక్కాతోనే అన్నం కలుపుతున్నాడు. "నా లెక్క పొద్దుగాల నడువు. అన్నం తగ్గియ్యి. పెద్ద పనేం గాదు, మనసు గట్టిగుండాలె."

రోజారాణి అతనికి ఇంకాస్త పప్పు వడ్డించింది.

సగం తిన్నాక అతను కంచం పక్కకు జరిపాడు. "జూసినవా? ఇగ సాలు. దీన్నే కంట్రోల్ అంటరు."

"అన్నం పారేస్తే పాపం," అంది అతని తల్లి వజ్రమ్మ, రోజూ లాగే. "రోజా, నువ్వు తినెయ్ బిడ్డా."

రోజారాణి చెయ్యి అలవాటుగా కంచం దాకా వెళ్లి ఆగింది.

"నీ కంట్రోలంత రోజూ నా కడుపులకే వస్తాంది," అంది. "ఇయ్యాల్టి సంది నాది నేను తింట. నీది నువ్వు తిను."

"అమ్మా, జూడు దీని మాటలు!" శేఖర్ నవ్వాడు.

వజ్రమ్మ నవ్వలేదు. భర్త మిగిల్చిన అన్నం తిని తిని లావెక్కిన తన ఒంటిని ఒకసారి చూసుకుంది. బతికున్నన్నాళ్లూ ఆయన ఆమెను ఏనుగనే పిలిచాడు.

కంచాన్ని కొడుకు ముందుకు జరిపింది.

"మీ నాయిన గూడ గిట్లనే సన్నగ ఉండె. తిను."